జి నొక్కినా పాయింటు మారట్లేదంటే, అది ఏ పాయింటో ముందు చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. కొత్తగా ఓపెన్ రైల్స్ అనే రైలు సిమ్యులేటర్ ఆట మొదలుపెట్టారు. స్టేషన్లో ఇంజిన్ను విడదీసి, లూప్ లైను మీదుగా తిప్పి, బండి రెండో కొసకు తగిలించాలి. కీబోర్డులో జి నొక్కితే ఒకోసారి పాయింటు, అంటే బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే కదిలే పట్టాల జోడు, మారుతోంది, ఒకోసారి ఉలుకూ పలుకూ లేదు. వెనక్కి నడుపుతున్నప్పుడైతే మీరు అనుకున్నది వదిలేసి ఇంకెక్కడిదో మారుతోంది. కీబోర్డు పాడైందా, ఆటలోనే లోపమా, మిగతా సిమ్యులేటర్లలో కూడా ఇంతేనా అని మీ సందేహం.

కీబోర్డు బాగానే ఉంది, ఆట కూడా బాగానే ఉంది. మీరు చెప్పిన మూడు ఇబ్బందులూ నేను పడ్డవే. కీ పేరు తెలుసుకోవడం అర నిమిషం పని. ఆ కీ ఏ పాయింటు మీద పనిచేస్తుంది, ఆ క్షణంలో దాన్ని కదిపే హక్కు మీ చేతిలో ఉందా లేదా అన్న రెండు సంగతులు తెలియడానికే నాకు చాలా రోజులు పట్టింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు కీల సంగతి. ఓపెన్ రైల్స్‌లో జి నొక్కితే బండికి ముందున్న మొదటి పాయింటు మారుతుంది. షిఫ్ట్ పట్టుకుని జి నొక్కితే వెనక ఉన్న మొదటి పాయింటు మారుతుంది. పాత మైక్రోసాఫ్ట్ ట్రైన్ సిమ్యులేటర్‌లో కూడా ఇవే కీలు. ఇప్పుడు ట్రైన్ సిమ్యులేటర్ క్లాసిక్ అని పిలుస్తున్న ఆటలోనూ ఇవే. ఇది యాదృచ్ఛికం కాదు. 2001లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఆటను తయారు చేసింది కుజు అనే సంస్థ. అదే సంస్థ 2007లో రైల్ సిమ్యులేటర్ తెచ్చింది. దాని మీదే 2009లో రైల్‌వర్క్స్ వచ్చింది, అదే పేర్లు మార్చుకుంటూ ఇప్పటి క్లాసిక్ అయింది. ఓపెన్ రైల్స్ ఏమో ఆ పాత మైక్రోసాఫ్ట్ ఆట రూట్లనూ ఇంజిన్లనూ నడపడానికే పుట్టింది కాబట్టి ఆటగాళ్ల వేళ్లకు అలవాటైన కీలనే ఉంచేసింది. ట్రెయిన్జ్ అనే ఇంకో రైలు ఆటది వేరే కుటుంబం, అందుకే అక్కడ జి కాదు, జె.

ఇక అసలు చిక్కు. ముందు, వెనక అంటే దేనికి ముందు, దేనికి వెనక?

కారు నడిపే అలవాటుతో మనం "నేను వెళ్తున్న వైపే ముందు" అనుకుంటాం. రివర్సర్‌ను, అంటే బండి ముందుకా వెనక్కా అని చెప్పే లివరును, వెనక్కి వేసి, బండి వెనక్కి పోతున్నప్పుడు, ఎదురుగా వస్తున్న పాయింటు మన లెక్కలో ముందుది. ఆట లెక్కలో అది వెనకది. అక్కడ జి నొక్కితే మీరు వదిలేసి వచ్చిన వైపు ఉన్న పాయింటు మారుతుంది. కళ్లెదుట ఉన్నదేమో కదలదు. "ఇంకెక్కడిదో మారుతోంది" అని మీరు రాసింది అచ్చంగా ఇదే. రివర్సర్ వేసినంత మాత్రాన ముందు, వెనక తారుమారు కావు అని మనసులో పెట్టుకుని, ఏ కొత్త ఇంజిన్ తీసుకున్నా ఖాళీ లైను మీద ఒకసారి రెండు కీలూ నొక్కి, ఏది ఎటు పనిచేస్తోందో చూసుకోండి. రెండు క్యాబులున్న ఇంజిన్లలో క్యాబు మారినప్పుడు ఈ పరీక్ష మళ్లీ చేయాలి. నేను ఇప్పటికీ చేస్తాను.

మీ స్టేషన్నే తీసుకుందాం. కాగితం మీద రెండు అడ్డ గీతలు గీయండి, పైది లూప్, కిందది మెయిన్. రెండు కొసల్లో కలిపేయండి. పడమటి కొసన ఉన్న పాయింటుకు ఏ అని, తూర్పు కొసన ఉన్నదానికి బి అని పేర్లు పెట్టుకోండి. మీ బండి పడమటి నుంచి వచ్చి మెయిన్ మీద ఆగింది. ఇంజిన్ తూర్పు కొసన ఉంది, దాని ముఖం తూర్పుకే ఉంది. దాన్ని పడమటి కొసకు తేవాలి.

ఇంజిన్ను విడదీశాక తూర్పుకు కదలబోయే ముందు బి మెయిన్‌కే ఉందో లేదో చూడండి. లేకపోతే జి. ఇంజిన్ బి దాటి, చక్రాలన్నీ పాయింటు వదిలి, ఇంకో పది ఇరవై మీటర్లు ముందుకు వెళ్లి ఆగాలి. ఇప్పుడు బి మీ వెనక ఉంది. షిఫ్ట్+జి నొక్కితే అది లూప్‌కు మారుతుంది. రివర్సర్ వెనక్కి వేసి మెల్లగా లూప్‌లోకి రండి. ఇంజిన్ మొత్తం బి దాటిన తర్వాతే "వెనక ఉన్న మొదటి పాయింటు" అన్న హోదా బి నుంచి ఏ కు మారుతుంది. చాలామంది ఇక్కడే తడబడతారు. ఇంజిన్ ఇంకా సగం బి మీదే ఉండగా ఏ మారుతుందనుకుని షిఫ్ట్+జి నొక్కుతారు, ఏమీ జరగదు. లూప్ మధ్యలోకి వచ్చాక ఆగి, అప్పుడు షిఫ్ట్+జి నొక్కి ఏ ను లూప్‌కు పెట్టండి. ఏ దాటి పడమటికి వెళ్లి ఆగండి. ఇప్పుడు ఏ మీ ఇంజిన్ ముఖం ఉన్న వైపు ఉంది, అంటే ముందుది అయింది. ఈసారి ఉత్త జి. ఏ మెయిన్‌కు మారుతుంది. రివర్సర్ ముందుకు వేసి, నడక వేగంతో వెళ్లి పెట్టెలకు తగిలించండి.

మొత్తం మీద షిఫ్ట్+జి రెండుసార్లు, జి ఒకసారి. మొదట్లో నేను ఈ లెక్కను చిన్న చీటీ మీద రాసి మానిటర్ అంచుకు అంటించుకున్నాను. ఇంజిన్ ముఖం పడమటికి ఉంటే ఇదే పనికి లెక్క పూర్తిగా తిరగబడుతుంది. అందుకే కీల వరసను బట్టీ పట్టకుండా, ప్రతిసారీ "నా ముఖం ఎటు ఉంది, పాయింటు ఎటు ఉంది" అని ప్రశ్నించుకోవడం మేలు.

ఇంకో చిన్న మాట. పెట్టెల్ని వదిలేటప్పుడు వాటి చివరి చక్రాలు ఏ కు మరీ దగ్గరగా ఉండకూడదు. రెండు లైన్లు కలిసే చోట, ఒక లైను మీది బండికి పక్క లైను మీది బండి రాసుకోకుండా ఉండే హద్దు ఒకటి ఉంటుంది. రైల్వే వాళ్లు దాన్ని ఫౌలింగ్ మార్క్ అంటారు. పెట్టె ఆ హద్దు దాటి నిలబడితే పాయింటు సరిగ్గా మారినా మీ ఇంజిన్ దారిలో ఆ పెట్టె మూల అడ్డం ఉన్నట్టే. కొన్ని ఆటలు దీన్ని పట్టించుకోకుండా ఒక బండిలోంచి ఇంకో బండిని పోనిస్తాయి, కొన్ని గుద్దుకున్నట్టు లెక్కగడతాయి.

పాయింటు ఎటు ఉందో తెలుసుకోవడానికి ఓపెన్ రైల్స్‌లో ఎఫ్8 నొక్కండి. చిన్న కిటికీ తెరుచుకుంటుంది. ముందున్న పాయింటు, వెనకున్న పాయింటు రెండూ బొమ్మల్లో కనిపిస్తాయి, మౌస్‌తో నొక్కి కూడా మార్చొచ్చు. షంటింగ్, అంటే ఇంజిన్నూ పెట్టెల్నీ ఒక లైను నుంచి ఇంకో లైనుకు మార్చే పని, చేసినంతసేపూ నేను దాన్ని మూయను. ఎఫ్4 నొక్కితే ముందున్న లైనును చూపే ట్రాక్ మానిటర్ వస్తుంది, మాన్యువల్ మోడ్‌లో అది రెండు వైపులా చూపిస్తుంది. ఎఫ్6తో సైడింగుల (బళ్లను పక్కన నిలిపే లైన్ల) పేర్లు, ఎఫ్9తో పెట్టెలు విడదీసే కిటికీ. ఇవి నాలుగూ చాలు.

అయితే కిటికీల మీదే ఆధారపడకుండా కంటితో పాయింటు చదవడం కూడా నేర్చుకోండి. దీనిలో సరదా ఉంది, పైగా ఏ ఆటలోనైనా పనికొస్తుంది. బయటి కెమెరాతో పాయింటు మొన దగ్గరికి వెళ్లి పట్టాల మధ్య చూడండి. రెండు పక్కలా రెండు కదలని పట్టాలు, వాటి లోపల సన్నగా చెక్కినట్టున్న రెండు నాలుక పట్టాలు. వాటిని టంగ్ రెయిల్స్ అంటారు. ఎప్పుడు చూసినా ఒక నాలుక తన పక్క పట్టాకు అతుక్కుని ఉంటుంది, రెండోది కాస్త ఎడంగా ఉంటుంది. ఎడమ నాలుక ఎడమ పట్టాకు అతుక్కుని ఉంటే బండి ఎటు పోతుంది? ఎడమకు అనే అంటారు అందరూ. కాదు, కుడికి. రైలు చక్రానికి లోపలి వైపు అంచు కిందికి దిగి ఉంటుంది. ఎడమ చక్రం అంచు, అతుక్కున్న ఎడమ నాలుకకు ఆనుకుని దాని వెంటే కుడికి తిరుగుతుంది. కుడి వైపు నాలుక ఎడంగా ఉంది కాబట్టి ఆ సందులోంచి కుడి చక్రం తన పక్క పట్టా వెంటే పోతుంది. ఇది ఒకసారి కళ్లకు అలవాటైతే లోపలి క్యాబులో కూర్చుని కూడా, నెమ్మదిగా వెళ్తున్నప్పుడు, ఏ వైపు సందు కనిపిస్తోందో చూసి దారి చెప్పేయొచ్చు. సందు ఎటు ఉంటే బండి అటు పోతుంది.

"ఒకోసారి మారుతోంది, ఒకోసారి మారట్లేదు" అన్న దానికి కారణాలు నాలుగైదు ఉన్నాయి.

మొదటిది మన తొందర. జి అనేది దీపం స్విచ్ లాంటిది. ఒకసారి నొక్కితే ఇటు, మళ్లీ నొక్కితే అటు. మారిందో లేదో తెలియక ఇంకోసారి నొక్కామంటే మొదటికే వచ్చింది. దూరంగా ఉన్న పాయింటు అయితే కదలిక కనిపించదు కాబట్టి ఈ తప్పు ఇంకా సులువుగా జరుగుతుంది. ఒకసారి నొక్కి, చేయి తీసి, ఎఫ్8 బొమ్మ చూడండి.

రెండోది, పాయింటు మీద చక్రాలు ఉండటం. నిజమైన రైల్వేలో బండి కింద పాయింటు కదలకూడదు. కదిలితే ముందు చక్రాలు ఒక లైనుకు, వెనక చక్రాలు ఇంకో లైనుకు పోయి బండి పడిపోతుంది. మంచి సిమ్యులేటర్లు కూడా అందుకే పాయింటును పట్టి ఉంచుతాయి. ఒకసారి నేను పొడుగాటి గూడ్సుతో వెనక్కి నెట్టుకుంటూ సైడింగ్‌లోకి పోవాలి. షిఫ్ట్+జి నొక్కీ నొక్కీ విసిగిపోయి, కీబోర్డు మార్చి ఇంకోటి తగిలించి మళ్లీ నొక్కాను. అదీ పనిచేయలేదు. ఆఖరికి 3 నొక్కి బండి తోక వైపు కెమెరాకు వెళ్లి చూస్తే, చివరి వ్యాగన్ వెనక జత చక్రాలు సరిగ్గా నాలుక పట్టాల మీద కూర్చుని ఉన్నాయి. ఇంకో వ్యాగన్ పొడవు ముందుకు జరిగితే వెంటనే మారింది. కొత్త కీబోర్డు మాత్రం ఇంట్లో మిగిలిపోయింది. 2 నొక్కితే ముందు కొస, 3 నొక్కితే తోక. ఈ రెండు కెమెరాలు వేళ్లకు అలవాటు కావాలి. పొడుగాటి బండి నడిపేవాడికి తోక ఎక్కడుందో తెలియడం బ్రేకు ఎక్కడుందో తెలియడమంత ముఖ్యం.

మూడోది హక్కు సంగతి. కొత్తవాళ్లకు ఎవరూ చెప్పనిది ఇదే, అందుకే ఇక్కడ ఇంకాస్త ఆగుతాను.

నిజమైన రైల్వేలో డ్రైవరు పాయింట్లు మార్చడు. స్టేషన్లో కూర్చున్నవాళ్లు దారి కడతారు, పాయింట్లు ఆ దారికి మారి తాళం పడ్డాకే సిగ్నల్ ఆఫ్ అవుతుంది, అంటే వెళ్లొచ్చని చూపిస్తుంది. సిగ్నల్ ఇచ్చేశాక ఆ దారిలోని పాయింటు ఎవరు లాగినా కదలదు. దీన్నే ఇంటర్‌లాకింగ్ అంటారు. యార్డుల్లో చేతి లివర్లున్న చోట పాయింట్స్‌మన్ దిగి మారుస్తాడు. సిమ్యులేటర్ ఈ ఉద్యోగాలన్నీ కలిపి ఒక్క మనిషికి, అంటే మీకు ఇస్తోంది. కానీ ఎప్పుడూ ఇవ్వదు. ఓపెన్ రైల్స్‌లో యాక్టివిటీ (ముందే రాసిపెట్టిన పని) లేదా టైంటేబుల్ నడుపుతుంటే బండి మామూలుగా ఆటో మోడ్‌లో ఉంటుంది. కంప్యూటరే స్టేషన్ మాస్టరు, మీరు డ్రైవరు మాత్రమే. మీ బండికి ముందే కేటాయించిన దారిలో ఉన్న పాయింటు మీద జి పనిచేయదు. అది లోపం కాదు, తాళం.

షంటింగ్ చేయాలంటే బండిని పూర్తిగా ఆపి కంట్రోల్+ఎమ్ నొక్కాలి. అప్పుడు మాన్యువల్ మోడ్‌లోకి వస్తారు. కదులుతున్న బండిలో ఇది కుదరదు, ఒక కిలోమీటరు వేగం ఉన్నా ఒప్పుకోదు. మాన్యువల్‌లో జి, షిఫ్ట్+జి రెండూ మీ మాట వింటాయి. కానీ ఇంకో బాధ్యత కూడా నెత్తిన పడుతుంది: సిగ్నళ్లు వాటంతట అవి రావు. పాయింటు పెట్టుకున్న తర్వాత ట్యాబ్ నొక్కి ముందున్న సిగ్నల్ అడగాలి, వెనక వైపు సిగ్నల్ కావాలంటే షిఫ్ట్+ట్యాబ్. వరస ముఖ్యం. ముందు పాయింటు, తర్వాత సిగ్నల్. సిగ్నల్ అడిగేసి తర్వాత పాయింటు గుర్తొస్తే దారి అప్పటికే బిగుసుకుని ఉంటుంది.

షంటింగ్ అయ్యాక మళ్లీ కంట్రోల్+ఎమ్ నొక్కి ఆటోకు రావాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. బండి ముందు కొస, యాక్టివిటీలో మీకు మొదట ఇచ్చిన దారి మీద ఉండాలి. ఆ దారి వైపుకే ముఖం పెట్టి ఉంటే తోక కూడా ఆ దారి మీదే ఉండాలి. లూప్‌లో నిలబడి, మెయిన్ మీద మీకు దారి ఉన్నప్పుడు, ఎన్నిసార్లు నొక్కినా ఆటోకు రాదు. ముందు దారి మీదకు రండి, తర్వాత నొక్కండి.

ఏ గొడవా లేకుండా ఊరికే తిరగాలనుకుంటే ఎక్స్‌ప్లోరర్ మోడ్ ఉంది. దానిలో పాయింట్లన్నీ మీ చేతిలో ఉంటాయి, సిగ్నళ్లు మామూలుగా వస్తుంటాయి. కొత్త రూట్ నేర్చుకోవడానికి దీన్ని మించింది లేదు. మీరు రెండు మూడు రోజులు ఇందులోనే ఇంజిన్ తిప్పే పని చేసి, తర్వాత యాక్టివిటీల జోలికి వెళ్తే టెన్షన్ సగం తగ్గుతుంది.

నాలుగో కారణం విండోస్. షిఫ్ట్ కీని వరసగా ఐదుసార్లు నొక్కితే స్టిక్కీ కీస్ కావాలా అని ఒక పెట్టె వచ్చి ఆట మీద కూర్చుంటుంది. షిఫ్ట్+జి కోసం తడుముకునేవాళ్లకు ఇది తప్పదు. నాకు మొదటిసారి వచ్చినప్పుడు బండి గంటకు ముప్పై కిలోమీటర్ల వేగంతో సైడింగ్ వైపు వెనక్కి పోతోంది. ఆ పెట్టె మూసి ఆటలోకి తిరిగి వచ్చేసరికి చివరి వ్యాగన్ డెడ్ ఎండ్ దాటి గడ్డిలో ఉంది. కుడి షిఫ్ట్‌ను ఎనిమిది సెకన్లు నొక్కి పట్టుకుంటే ఫిల్టర్ కీస్ అని ఇంకోటి వస్తుంది. విండోస్ సెట్టింగులలో యాక్సెసిబిలిటీ, కీబోర్డు దగ్గరికి వెళ్లి ఈ రెంటి షార్ట్‌కట్లూ తీసేయండి. చీకట్లో ఆడేవాళ్లు కంట్రోల్‌కు, ఆల్ట్‌కు మధ్యనున్న విండోస్ కీని పొరపాటున జి తో కలిపి నొక్కితే గేమ్ బార్ తెరుచుకుంటుంది. క్లాసిక్ లాంటి ఆటలను స్టీమ్ అనే యాప్‌లో ఆడేటప్పుడు షిఫ్ట్+ట్యాబ్ నొక్కితే స్టీమ్ సొంత కిటికీ ఆట మీద తెరుచుకుంటుంది, కాబట్టి అక్కడ ట్యాబ్ నొక్కే ముందు షిఫ్ట్ మీంచి వేలు తీయండి.

కీబోర్డు భాష కూడా చూసుకోండి. మధ్యలో ఎవరితోనో తెలుగులో చాట్ చేసి, భాష మార్చకుండా ఆటకు తిరిగి వస్తే కొన్ని ఆటలకు జి అసలు అందదు. లోపం వెతికే ముందు కింద టాస్క్‌బార్‌లో ఇంగ్లిష్ ఉందో లేదో ఒక చూపు చూస్తే పోతుంది.

ఇక ఐదోది, దాదాపు ఎవరూ అనుమానించనిది: కీలు మార్చి మర్చిపోవడం. ఓపెన్ రైల్స్ ఆప్షన్స్‌లో కీబోర్డు పేజీ ఉంది, ఏ పనికి ఏ కీ కావాలంటే అది పెట్టుకోవచ్చు. ఒకే కీ రెండు పనులకు ఇచ్చామేమో తనిఖీ చేసే బటన్ కూడా అక్కడే ఉంది. మార్పు చేసిన ప్రతిసారీ దాన్ని నొక్కండి. ఆట నడుస్తుండగా ఎఫ్1 నొక్కితే ఇప్పుడు అమల్లో ఉన్న కీల పట్టిక కనిపిస్తుంది. నెట్‌లో ఎవరో పెట్టిన పట్టికకన్నా, నేను ఇక్కడ రాసినదానికన్నా కూడా, మీ కంప్యూటర్లో ఎఫ్1 చూపించేదే మీకు చెల్లుతుంది.

మౌస్ అలవాటు ఉన్నవాళ్లకు ఆల్ట్ పట్టుకుని నేరుగా ఆ పాయింటు మీదే క్లిక్ చేసే పద్ధతి ఉంది. నిజం చెప్పాలంటే పెద్ద యార్డులో నేను జి వాడేది తక్కువ. పది పాయింట్లు వరసగా ఉన్న చోట జి మొదటిదాన్నే మారుస్తుంది, మూడోది కావాలంటే మొదటి రెండూ దాటాలి. ఆల్ట్ క్లిక్‌తో అయితే కెమెరా తిప్పి నచ్చిన పాయింటును పట్టుకోవచ్చు. కంట్రోల్+9తో వచ్చే డిస్పాచర్ మ్యాపులో అయితే మొత్తం యార్డు పైనుంచి కనిపిస్తుంది, అక్కడా క్లిక్ చేసి మార్చొచ్చు. బండి కదలకముందే దారి మొత్తం పరిచేసుకోవాలంటే అదే మేలు. మాన్యువల్ మోడ్ నియమం మాత్రం వీటన్నిటికీ వర్తిస్తుంది. కేటాయించేసిన దారిని మౌస్‌తో లాగినా కదలదు.

పాయింటును తోక వైపు నుంచి, అంటే రెండు లైన్లు కలిసే దిశలో దాటేటప్పుడు "ఎలా ఉన్నా కలిసేదే కదా" అని వదిలేయకండి. రైల్వే భాషలో దీన్ని ట్రెయిలింగ్ అంటారు, మొన వైపు నుంచి వస్తే ఫేసింగ్. ఫేసింగ్‌లో తప్పు ఉంటే వేరే లైనులోకి పోతారు, అంతే. ట్రెయిలింగ్‌లో తప్పు ఉంటే చక్రం అంచు మూసి ఉన్న నాలుక సందులోకి దూరి దాన్ని బలవంతంగా తోస్తుంది. నిజంగా అయితే నాలుక వంగుతుంది, మోటారు రాడ్డు విరుగుతుంది, ఆ తర్వాత అదే పాయింటు మీద వెనక్కి వస్తే పడిపోయే ప్రమాదం ఉంది. ఓపెన్ రైల్స్ దీన్ని ఊరుకోదు. తప్పుగా ఉన్న పాయింటు మీదుగా పోతే బండి అదుపు తప్పినట్టు లెక్కగట్టి అత్యవసర బ్రేకు వేసి ఆపేస్తుంది. మీ లూప్ పనిలో ఏ దగ్గర రెండోసారి షిఫ్ట్+జి నొక్కమన్నది అందుకే. ఇంజిన్ అక్కడ ట్రెయిలింగ్‌లోనే వస్తోంది.

మిగతా ఆటల గురించి అడిగారు కాబట్టి క్లుప్తంగా. ట్రైన్ సిమ్యులేటర్ క్లాసిక్‌లో జి, షిఫ్ట్+జి, ట్యాబ్ ఇక్కడ చెప్పినట్టే, వెనక వైపు సిగ్నల్‌కు మాత్రం కంట్రోల్+ట్యాబ్. 9 నొక్కితే పై నుంచి చూసే మ్యాపు వస్తుంది, దానిలో పాయింట్ల మీద క్లిక్ చేయొచ్చు. అక్కడ 6 నొక్కితే వచ్చే కప్లింగ్ కెమెరా షంటింగ్‌కు ఎంతో హాయి. ఫ్రీ రోమ్‌లో, అంటే ఊరికే తిరిగేటప్పుడు, బళ్లకు దారులు కేటాయించే డిస్పాచర్ ఉండడు, మీ ఇష్టం. సినారియోల్లో (ముందే రాసిపెట్టిన పనుల్లో) మాత్రం డిస్పాచర్ వేసిన దారిని కదపకండి, అతను ఎదురు బండికి కూడా లెక్క వేసుకుని ఉంటాడు.

ట్రెయిన్జ్‌లో జె నొక్కితే ముందున్న జంక్షన్ మారుతుంది. అక్కడ జంక్షన్ల మీద బాణాలు కనిపిస్తాయి, మౌస్‌తో వాటి మీద క్లిక్ చేయడమే ఎక్కువమంది చేసేది. ట్రైన్ సిమ్ వరల్డ్‌లో క్యాబు దిగి నడుచుకుంటూ వెళ్లి చేతి లివరు లాగొచ్చు, లేదంటే మ్యాపులో మార్చుకోవచ్చు. డెరైల్ వ్యాలీ అయితే ఇంకో లోకం. అక్కడ పాయింటు మార్చడానికి కీ అనేదే లేదు. దిగి వెళ్లి లివరు తోయాలి, లేదా చేతిలో ఉండే రేడియోను పాయింటుల మోడ్‌లో పెట్టి దూరం నుంచి గురిపెట్టాలి. బండి దిగేటప్పుడు హ్యాండ్ బ్రేకు వేయడం మర్చిపోతే, మీరు లివరు దగ్గరికి చేరేలోపు ఇంజిన్ మీకన్నా ముందే అక్కడికి వచ్చేస్తుంది. నాకు వచ్చింది.

ఈ రాత్రికి మీరు చేయాల్సింది: ఎక్స్‌ప్లోరర్ మోడ్‌లో ఒక్క ఇంజిన్ను, పెట్టెలు లేకుండా, ఏదైనా లూప్ ఉన్న స్టేషన్లో పెట్టండి. ఎఫ్8, ఎఫ్4 తెరవండి. పైన చెప్పిన ఏ, బి చుట్టూ ఇంజిన్ను మూడుసార్లు తిప్పండి, ఇంజిన్ ముఖం తిప్పి పెట్టి ఇంకో మూడుసార్లు. ప్రతిసారీ కీ నొక్కేముందు, ఏది మారబోతోందో పైకి అనుకోండి. మీరు అన్నదే ఎఫ్8లో మారిందా చూడండి. ఎక్కడైనా మీరు అన్నది ఒకటి, మారింది ఇంకోటి అయితే అక్కడే ఆపి, ఆ రెండు కిటికీలూ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి ఇక్కడ పెట్టండి, ఇంజిన్ ముఖం ఎటు ఉందో కూడా రాయండి.